మీ పేరును మరొకరు వాడుకుంటుంటే: నోటీసా, మధ్యవర్తిత్వమా, దావానా, పోలీసు కేసా?

గుంటూరు జిల్లా నుంచి వచ్చిన భార్యాభర్తలు నా బల్ల మీద రెండు కందిపొడి పొట్లాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి వారిది. రెండోది, తొమ్మిదేళ్లపాటు వారి సరుకునే హైదరాబాద్‌లో అమ్మిపెట్టి, నాలుగు నెలల కిందట విడిపోయిన డిస్ట్రిబ్యూటరుది. రెండింటికీ ఎర్రటి అంచు, మధ్యలో పసుపు గుండ్రం, అందులో రోలూ రోకలీ. పేరులో ఒక్క అక్షరం తేడా. ఆయన కుర్చీలో కూర్చోకముందే, "అతన్ని జైల్లో పెట్టించాలండీ" అన్నారు. ఆమె మాత్రం, "సంక్రాంతి సరుకు బయటికి వెళ్లేలోపు ఇది ఆగుతుందా?" అని అడిగారు.

ఈ రెండు మాటలకూ చట్టంలో వేర్వేరు దారులున్నాయి. ఒకదాని కోసం పట్టిన దారి రెండోదాన్ని ఆలస్యం చేయవచ్చు, ఒక్కోసారి పూర్తిగా చెడగొట్టవచ్చు. మేధోసంపత్తి తగాదాలు చూసే న్యాయవాదిగా నా సమయంలో ఎక్కువ భాగం ఏ దారిలో ముందు వెళ్లాలి, దేన్ని తరువాతకు ఉంచుకోవాలి అని తేల్చడానికే పోతుంది. మీ పేరునో, లేబుల్‌నో, పొట్లం రూపాన్నో మరొకరు వాడుకుంటూ ఉండగా ఏం చేయాలో తోచనివారి కోసం ఇది రాస్తున్నాను. మన ఊళ్ల వ్యాపారులకు ఎక్కువగా ఎదురయ్యేది ట్రేడ్‌మార్క్ తగాదా కాబట్టి ప్రధానంగా దాని గురించే చెబుతాను.

## దారి ఎంచుకునే ముందు చూడవలసినవి

మీకు అసలు కావలసింది ఏమిటి. అవతలివారు అమ్మకం ఆపాలా, మీకు పోయిన డబ్బు రావాలా, వారి పేరు రిజిస్టరు నుంచి పోవాలా, వారికి శిక్ష పడాలా? నాలుగూ కావాలనే అందరూ అంటారు. వరుస పెట్టమంటే తటపటాయిస్తారు. చిన్న వ్యాపారికి నిజంగా అవసరమైనది మొదటిదే అని నేను నమ్ముతాను. నష్టపరిహారం కోసం ప్రతి రూపాయికీ లెక్క చూపుతూ విచారణ చివరిదాకా నిలబడగలిగేవారు తక్కువ.

ఎవరు ముందు వాడారు. మిగతా అన్నిటికన్నా ఇది ముఖ్యం. తిరునెల్వేలిలో ఇరుట్టుక్కడై హల్వా అని ప్రసిద్ధమైన మిఠాయి ఉంది. ఆ మాటకు చీకటి కొట్టు అని అర్థం. ఆ పేరు మీద తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇరుపక్షాల చేతుల్లోనూ రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. ముందునుంచి వాడుతూ వచ్చినవారి హక్కు రిజిస్ట్రేషన్ ఇచ్చే హక్కు కన్నా పైది అని 2015లో కోర్టు తేల్చింది. ట్రేడ్‌మార్క్ చట్టంలోని 34వ సెక్షన్ సారాంశమూ ఇదే.

కాబట్టి మొదటి సమావేశంలో నేను సర్టిఫికెట్ కన్నా ముందు పాత కాగితాలు అడుగుతాను. ఆ దంపతులకు బిల్లు పుస్తకాలు చాలావరకు పోయాయి. అటక మీది గోనెసంచిలో మాత్రం ఆర్టీసీ పార్శిల్ రసీదులు దొరికాయి. రోజూ సాయంత్రం బస్సులో హైదరాబాద్‌కు పంపిన పెట్టెల రసీదులవి. పంపినవారి గడిలో బ్రాండు పేరే రాసి ఉంది. సిరా వెలిసిపోయినా తేదీ ముద్ర చదవగలిగేలా ఉంది. దానికి తోడు లేబుళ్లు అచ్చు వేసిన ప్రెస్సు ఇచ్చిన బిల్లు. ఈ రెండూ కలిసి, ఖరీదైన ఏ సర్టిఫికెట్ కూడా చేయలేని పని చేశాయి. ఫోనులోని సందేశాలు, పాత ఫేస్‌బుక్ పోస్టులు కూడా పనికొస్తాయి. అయితే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం వాటికి ఆ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ తీసి ఊరుకుంటే చాలదు.

రిజిస్ట్రేషన్ ఉందా, దరఖాస్తు మాత్రమే ఉందా. రిజిస్టరైన పేరుకు ఉల్లంఘన దావా వేయవచ్చు. రిజిస్టరు కానిదానికి పాసింగ్ ఆఫ్ దావా ఉంటుంది. అంటే అవతలివారు తమ సరుకును మీ సరుకుగా జనానికి అంటగడుతున్నారని చూపాలి. అందుకు మీ పేరుకు మార్కెట్లో పరపతి ఉందని, కొనేవారు పొరబడే వీలుందని, దానివల్ల మీకు నష్టమని మూడూ రుజువు చేయాలి. భారం ఎక్కువే గానీ, మోయలేనిది కాదు. రిజిస్టరు కాకుండానే సర్కిల్‌లో ఆర్ గుర్తు వేసుకోవడం మాత్రం చట్టవిరుద్ధం, జరిమానా పడవచ్చు. ఇతరుల మీద ఫిర్యాదుకు వెళ్లే ముందు మీ లేబుల్ ఒకసారి చూసుకోండి.

పేరు ఎంత గట్టిది. 'స్పెషల్', 'హోమ్ ఫుడ్స్', 'ఆంధ్ర రుచులు' వంటి మాటల మీద ఒక్కరికే హక్కు ఇవ్వడానికి కోర్టులు ఇష్టపడవు. ఊరి పేర్లూ అంతే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది అక్కడి తయారీదారులందరి ఉమ్మడి హక్కు, ఏ ఒక్క దుకాణానిదీ కాదు. పేరు బలహీనంగా ఉన్నప్పుడు పొట్లం రంగులు, బొమ్మ, అక్షరాల తీరు మీద కేసు నిలబెట్టాలి.

ఎప్పుడు తెలిసింది. తెలిసి ఊరుకున్న ప్రతి నెలా మీకు వ్యతిరేకంగా లెక్కకు వస్తుంది. అమృతధార, లక్ష్మణధార అనే మందుల తగాదాలో 1962లో సుప్రీంకోర్టు రెండు పేర్లూ పొరబడేంతగా పోలి ఉన్నాయని ఒప్పుకుంది. అయినా అమృతధార వారు చాలాకాలం తెలిసి ఊరుకున్నారన్న కారణంగా ఉత్తరప్రదేశ్ వరకు రెండో పేరు రిజిస్ట్రేషన్‌ను నిలబెట్టింది. ఉల్లంఘన స్పష్టంగా ఉంటే ఆలస్యం ఒక్కటే నిషేధ ఉత్తర్వుకు అడ్డు కాదని 2004లో లక్ష్మణ్‌రేఖ కేసులో అదే కోర్టు చెప్పిన మాట నిజమే. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. రిజిస్టరైన మరో పేరు వాడకాన్ని తెలిసి ఐదేళ్లు వరసగా సహిస్తే, 33వ సెక్షన్ మీ దారి దాదాపు మూసేస్తుంది.

అవతల ఉన్నది ఎవరు. పాత భాగస్వామి, సొంత అన్నదమ్ముడు, ముఖం తెలియని ఆన్‌లైన్ అమ్మకందారు, రాత్రిపూట లేబుళ్లు అచ్చువేసే నకిలీ ముఠా: ఈ నలుగురి మీదా ఒకే ఆయుధం పనిచేయదు.

ఇంకొక్క మాట. రెండు పొట్లాలు పక్కపక్కన పెట్టి తేడాలు వెతకడం మానండి. కోర్టు అలా చూడదు. సగటు తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మనిషి ఒకసారి ఒకటి కొని, నెల తరువాత అల్మరాలో రెండోది చూస్తే ఏమనుకుంటాడన్నది పరీక్ష. నేను ఒక పొట్లాన్ని సొరుగులో పెట్టేసి, కాసేపు వేరే సంగతి మాట్లాడి, రెండోదాన్ని మా గుమాస్తాకు చూపించి, "ఇది ఇందాక చూసినదేనా?" అని అడుగుతాను. కందిపొడి విషయంలో ఆయన క్షణం ఆలోచించకుండా అవునన్నారు. మందుల పేర్లయితే ఈ పరీక్ష ఇంకా కఠినంగా ఉంటుంది. అక్కడ పొరపాటుకు మూల్యం ప్రాణం కావచ్చని 2001లో క్యాడిలా కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది.

## ఒక చూపులో

| మార్గం | ఎంత త్వరగా ఆగుతుంది | ఖర్చు | ఏం ఉండాలి | ఏం రాదు |
|---|---|---|---|---|
| లీగల్ నోటీసు | అవతలివారు ఒప్పుకుంటే వారాల్లో | అతి తక్కువ | స్పష్టమైన హక్కు | బలవంతంగా ఆపే శక్తి |
| ఆన్‌లైన్ అమ్మకపు వేదికకు ఫిర్యాదు | రోజుల్లో | దాదాపు లేదు | సాధారణంగా రిజిస్ట్రేషన్ | బయటి దుకాణాల్లో ఊరట, పరిహారం |
| ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో అభ్యంతరం | అమ్మకం ఆగదు | తక్కువ | గడువులో దాఖలు | నిషేధ ఉత్తర్వు |
| మధ్యవర్తిత్వం | కుదిరితే మూడు నెలల్లోపు | మధ్యస్థం కన్నా తక్కువ | రెండో పక్షం రావాలి | రానివారి మీద ఉత్తర్వు |
| సివిల్ దావా | అత్యవసరమైతే రోజుల్లో తాత్కాలికంగా | ఎక్కువ | తేదీలున్న సాక్ష్యం | జైలు శిక్ష |
| పోలీసు కేసు | సోదా జరిగితే వెంటనే | మధ్యస్థం | అచ్చమైన నకిలీ | పరిహారం, రాజీ మీద పట్టు |

## లీగల్ నోటీసు

అందరూ మొదట అడిగేది ఇదే, ఎక్కువమంది తొందరపడేదీ ఇక్కడే. పక్క వీధిలో తెలియక పేరు పెట్టుకున్న కోచింగ్ సెంటరుకు, మీ దగ్గర పనిచేసి వెళ్లి సొంతంగా షాపు పెట్టుకున్న కుర్రాడికి నోటీసు చాలు. చాలామంది బోర్డు మార్చుకుంటారు. మార్చుకోకపోయినా వారి జవాబు మీకు పనికొస్తుంది. ఎప్పటినుంచి వాడుతున్నారో వారే తేదీ రాసి సంతకం చేస్తారు. తరువాత ఆ తేదీని వెనక్కు జరపలేరు.

మోసం చేయాలనే ఉద్దేశంతో ఉన్నవారికి మాత్రం నోటీసు ముందస్తు హెచ్చరిక అవుతుంది. గోడౌను ఖాళీ చేస్తారు, లెక్కలు సర్దుకుంటారు, తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టులో కేవియట్ వేస్తారు. కేవియట్ 90 రోజులు అమల్లో ఉంటుంది.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. ఆధారం లేకుండా ట్రేడ్‌మార్క్ కేసు వేస్తానని బెదిరిస్తే, బెదిరింపు అందుకున్నవారు 142వ సెక్షన్ కింద మీ మీదే దావా వేసి పరిహారం అడగవచ్చు. అందుకే ఎవరు ముందు వాడారో చూసుకోకుండా, కోపంలో, ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా మీద నోటీసు పంపవద్దు. ఒకసారి ఓ మిఠాయి వ్యాపారి నా దగ్గరికి రాకముందే నోటీసు పంపేశారు. జవాబుగా ఆయన కన్నా పదేళ్ల ముందు నాటి బిల్లులు వచ్చాయి. ఆ తరువాత మా పని సొంత పేరును కాపాడుకోవడంగా మారిపోయింది.

## అమ్మకపు వేదికలు, డొమైన్ పేర్లు

ఆన్‌లైన్‌లో అమ్మే సరుకుకు ఇది మొదటి మెట్టు. రిజిస్ట్రేషన్ నంబరుతో ఫిర్యాదు ఇస్తే పేజీ తొలగిపోవచ్చు. వారం తిరిగేలోపు మరో అమ్మకందారు పేరుతో అదే బొమ్మ మళ్లీ రావచ్చు. రెండోసారి వచ్చిందంటే వేదికకు ఫిర్యాదు చేస్తూ పోవడం వృథా. ముందు ఆ సరుకు మీరే కొని, బిల్లు, పెట్టె మీది చిరునామా భద్రపరచండి. ఎదుటివారు ఎవరో ఆ చిరునామాతోనే తెలుస్తుంది. వెబ్‌సైటు పేరే కాజేస్తే, చివర డాట్ ఇన్ ఉన్నవాటికి, ఆ పేర్ల వ్యవహారాలు చూసే నిక్సీ సంస్థ నియమించే ఆర్బిట్రేటరు (తగవు తీర్చే వ్యక్తి) ముందుకు వెళ్లవచ్చు. డొమైన్ పేరు కూడా ట్రేడ్‌మార్క్ లాంటిదేనని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

## రిజిస్ట్రీలో అభ్యంతరం, తొలగింపు

అవతలివారు మీ పేరుకు దగ్గరి పేరును రిజిస్టరు చేయించుకుంటుంటే చేయవలసిన పని ఇది. ట్రేడ్‌మార్క్ జర్నల్ ప్రతి సోమవారం వెలువడుతుంది. అందులో ప్రకటించిన నాటినుంచి నాలుగు నెలల్లో అభ్యంతరం దాఖలు చేయాలి. ఈ గడువు పొడిగించరు. ఆన్‌లైన్‌లో రుసుము ఒక్కో సరుకుల తరగతికి 2,700 రూపాయలు. తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. అభ్యంతరం ప్రతి అందిన రెండు నెలల్లో అవతలివారు జవాబు వేయకపోతే వారి దరఖాస్తు వదులుకున్నట్టే. కొన్ని తగాదాలు అక్కడితోనే ముగుస్తాయి.

ముగియనివి ఏళ్లు పడతాయి. కర్ణాటక పాల సమాఖ్య నందిని పేరుకూ, నందిని డీలక్స్ అనే హోటళ్ల పేరుకూ మధ్య వచ్చిన అభ్యంతరం 2018లో సుప్రీంకోర్టులో తేలింది. పాలు, హోటలు వేర్వేరు వ్యాపారాలు, గుర్తులు కూడా వేరు అని హోటలు వారి పక్షాన తీర్పు వచ్చింది. ఇన్నేళ్లూ రెండు వ్యాపారాలూ నడుస్తూనే ఉన్నాయి. రిజిస్ట్రీ దుకాణం మూయించదు, సరుకు ఆపదు. దాని నుంచి ఆ ఫలితం ఆశించి నిరాశపడినవారిని చాలామందిని చూశాను.

ఇప్పటికే రిజిస్టరైపోతే తొలగింపు పిటిషన్ వేయాలి. 2021లో మేధోసంపత్తి అప్పీళ్ల ట్రిబ్యునల్ రద్దయ్యాక ఇవి రిజిస్ట్రారు ముందో హైకోర్టులోనో నడుస్తున్నాయి. రిజిస్టరు చేయించుకుని ఐదేళ్లకు పైగా వాడకుండా అట్టిపెట్టుకున్న పేరును తీయించడానికి కూడా ఇదే దారి.

## మధ్యవర్తిత్వం

కుటుంబ తగాదాలకు ఇంతకన్నా మంచిది లేదు. తండ్రి పెట్టిన పేరు, ఇద్దరు కొడుకులు, రెండు దుకాణాలు. ఏ తీర్పు వచ్చినా ఒకరి నోట్లో మట్టి పడుతుంది. కోర్టు సాధారణంగా పేరు ఎవరిదో తేలుస్తుంది, అంతే. మధ్యవర్తి ముందు మాత్రం, పెద్దవాడు కృష్ణా జిల్లాలో, చిన్నవాడు హైదరాబాద్‌లో, ఇద్దరూ పేరు పక్కన తమ పేరు చేర్చి, వేర్వేరు రంగు పెట్టెల్లో అమ్మాలని రాసుకోవచ్చు. అమెరికాకు ఎగుమతి ఎవరిదో, ఫోన్ నంబరు ఎవరికి ఉండాలో కూడా రాసుకోవచ్చు.

అత్యవసర ఉత్తర్వు కోరని వాణిజ్య దావాలకు వాణిజ్య న్యాయస్థానాల చట్టం 12ఏ సెక్షన్ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. గడువు మూడు నెలలు. ఇద్దరూ ఒప్పుకుంటే మరో రెండు. కుదిరిన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన విలువ ఉంటుంది కాబట్టి అమలు చేయించుకోవచ్చు. అవతలివారు రాకపోతే విఫలమైనట్టు నివేదిక ఇస్తారు, మీ దావా దారి తెరుచుకుంటుంది. నకిలీలు తయారుచేసేవారితో మాత్రం ఇక్కడ కూర్చోవద్దు. వారికి మీరిచ్చేది మూడు నెలల అమ్మకం.

## సివిల్ దావా

బలమైనది, ఖరీదైనది, సరిగా వాడితే వేగమైనది. వివాదం విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన అయితే వాణిజ్య న్యాయస్థానానికి వెళుతుంది. హైదరాబాద్‌తో పాటు విజయవాడ, విశాఖపట్నాల్లోనూ ఇవి ఉన్నాయి.

దావాకు గుండెకాయ తాత్కాలిక నిషేధ ఉత్తర్వు. న్యాయమూర్తి చూసేవి మూడు: పైపైన చూస్తే మీ వైపు బలం ఉందా, ఉత్తర్వు ఇస్తే, ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తరువాత డబ్బుతో పూడ్చలేని నష్టమా. అవతలివారికి నోటీసు లేకుండానే ఉత్తర్వు అడగవచ్చు; అలాంటప్పుడు ఏదీ దాచకూడదు. కందిపొడి కేసులో, డిస్ట్రిబ్యూటరుగా అతనికి ఇచ్చిన ఒప్పందం, అతనికి బాకీ ఉన్న కమీషన్ సహా అన్నీ మా పిటిషన్‌లో రాశాం. దాచి తెచ్చుకున్న ఉత్తర్వు, దాచిన సంగతి బయటపడ్డ రోజున రద్దవుతుంది, ఆ న్యాయమూర్తి నమ్మకమూ దానితో పోతుంది.

అత్యవసరం అని ఊరికే రాసి 12ఏను తప్పించుకోవాలని చూడకండి. అది నిజమైన అవసరమో, ముసుగో కోర్టు పరిశీలించాలని 2023లో యామిని మనోహర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజుల్లో మా చేతిలో ఉన్న రుజువు, అమీర్‌పేటలోని ఒక దుకాణంలో కొన్న పొట్లం, దాని బిల్లు. పండగకు సరుకు నింపుతున్నారని ఆ దుకాణదారు చెప్పిన మాటను అఫిడవిట్‌లో పెట్టాం.

ఎక్కడ వేయాలన్నదీ ముఖ్యమే. రిజిస్టరైన పేరుకు మీరు వ్యాపారం చేసే చోటే వేసుకునే వెసులుబాటును 134వ సెక్షన్ ఇస్తుంది. పాసింగ్ ఆఫ్‌కు అది లేదు; అవతలివారు ఉన్నచోట గానీ, మోసం జరిగిన చోట గానీ వేయాలి. ఆ దంపతులకు అప్పటికి దరఖాస్తే ఉంది, రిజిస్ట్రేషన్ రాలేదు. అందుకే గుంటూరులో కాకుండా, సరుకు దొరికిన హైదరాబాద్‌లో వేశాం.

నిషేధంతో పాటు అడ్వకేట్ కమిషనర్‌ను అడగడం మరవకండి. కోర్టు పంపిన కమిషనర్ గోడౌనుకు వెళ్లి, ఉన్న సరుకు లెక్కపెట్టి, ఫోటోలు తీసి, మూటలు కట్టి ముద్ర వేసి, అవతలివారి పూచీ మీదే వారికి అప్పగించి నివేదిక ఇస్తారు. కందిపొడి కేసులో కమిషనర్ వెళ్లిన రోజు షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల మిరప ఘాటుకు కమిషనర్ గారు దగ్గుతూనే పెట్టెలు లెక్కించారు. ఒక మూలన గోనె కప్పి అచ్చు వేసిన కవరు చుట్టలు ఉన్నాయి. ఒక కవరు చుట్ట గొట్టంలో దాచి పెట్టిన ప్రెస్సు చలానా దొరికింది. దాని మీది తేదీ, అతను డిస్ట్రిబ్యూషన్ వదిలిన తేదీకి ఆరు వారాల ముందుది. వారి సరుకు అమ్ముతూ కమీషన్ తీసుకుంటూనే వారి పొట్లాన్ని పోలిన పొట్లం సిద్ధం చేసుకున్నాడని ఆ ఒక్క కాగితం చెప్పింది.

దావా పూర్తి విచారణ దాకా వెళితే కాలం పడుతుంది. సమన్లు అందాక జవాబుకు 30 రోజులు, కోర్టు అనుమతితో గరిష్ఠంగా 120 రోజులు అన్న నియమం వాణిజ్య న్యాయస్థానాల్లో గట్టిగా అమలవుతున్నా, సాక్షుల విచారణ నెమ్మదిగానే సాగుతుంది. అందుకే పరిహారాన్ని మొదటి లక్ష్యంగా పెట్టుకున్నవారికి ముందే చెబుతాను: పరిహారం, లేదా వారు సంపాదించిన లాభం, రెండిట్లో ఒకటే వస్తుంది, అదీ లెక్కలు ఉంటేనే.

## పోలీసు కేసు

ట్రేడ్‌మార్క్ చట్టం 103, 104 సెక్షన్ల కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మీ లేబుల్‌నే, మీ చిరునామాతో సహా అచ్చువేసి నాసిరకం సరుకు నింపే నకిలీకి ఇదే సరైన దారి. అయితే సోదాకు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి, ముందుగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రారు అభిప్రాయం తీసుకోవాలి. ఈ రెండో మెట్టు దగ్గరే కాలం పోతుంది, సమాచారమూ బయటికి పొక్కుతుంది.

లేబుల్‌లోని బొమ్మ, అమరిక కాపీరైట్ కిందికి కూడా వస్తాయి. కాపీరైట్ చట్టం 64వ సెక్షన్ కింద ఎస్సై స్థాయి అధికారి స్వాధీనం చేసుకోవచ్చు. 63వ సెక్షన్ నేరం పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగేది, బెయిలు హక్కుగా రానిది అని 2022లో నిట్‌ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే లేబుల్ గీసిన చిత్రకారుడి నుంచి హక్కుల బదిలీ పత్రం రాయించుకొని ఉంచమని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

పోలిన పేరు, అంటే కాస్త మార్చి పెట్టుకున్న పేరు విషయంలో మాత్రం నేను పోలీసు దారిని సిఫారసు చేయను. పోలికా కాదా అన్నది స్టేషనులో తేలే విషయం కాదు. అవతలివారు కేసు కొట్టివేయమని హైకోర్టుకు వెళతారు, మీ శక్తి అంతా అక్కడ ఖర్చవుతుంది. కేసు పెట్టాక రాజీ కుదిరినా దాన్ని వెనక్కు తీసుకోవడం మీ చేతిలో ఉండదు. జైల్లో పెట్టించాలన్న ఆయనకు ఈ సంగతులన్నీ చెప్పడానికి ఆ రోజు గంటన్నర పట్టింది.

## మీరు ఎవరైతే ఏది

రిజిస్ట్రేషన్ లేని పాత దుకాణం. ముందు కాగితాలు వెతకండి, అదే వారం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. అది వచ్చేదాకా ఆగకుండా పాసింగ్ ఆఫ్ దావా వేయవచ్చు.

ఇంట్లో పచ్చళ్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే కొత్త బ్రాండు. వేదికకు ఫిర్యాదు, దానితో పాటు నోటీసు. దావా ఖర్చు మీ ఏడాది లాభాన్ని మించితే, పేరు ఇంకా కొత్తదే అయితే, మరింత గట్టి పేరుకు మారడం గురించి కూడా ఆలోచించండి. ఈ సలహా ఇవ్వడం నాకు బాధే, కానీ కొందరికి ఇదే మేలు చేసింది.

విత్తనాలు, పురుగుమందుల తయారీదారు. నకిలీ సంచి బయటపడితే ఒక రోజు కూడా ఆగవద్దు. పోలీసులకు, వ్యవసాయ శాఖకు ఒకేసారి ఫిర్యాదు, వెంటనే కమిషనర్‌తో సహా దావా. ఇక్కడ నష్టం మీది మాత్రమే కాదు. మొలకెత్తని విత్తనం వేసిన రైతుకు ఆ సీజను తిరిగి రాదు.

పేటెంట్ ఉన్నవారు. పేటెంటు ఉల్లంఘనకు పోలీసు దారి లేదు, దావానే. మీరు దావా వేస్తే అవతలివారు మీ పేటెంటునే రద్దు చేయమని ఎదురు దావా వేస్తారు, అప్పుడు కేసు హైకోర్టుకు వెళుతుంది. మీ పేటెంటు ఎంత గట్టిదో నిపుణుడితో పరీక్ష చేయించుకున్నాకే మొదలుపెట్టండి.

నోటీసు అందుకున్నవారు. దాన్ని పక్కన పడేయవద్దు, అదే రోజు జవాబూ రాయవద్దు. వారి రిజిస్ట్రేషన్ నిజమో కాదో, ఏ తరగతిలో ఉందో, ఎప్పటినుంచి వాడుతున్నామని చెప్పుకున్నారో రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. వెంటనే కేవియట్ వేయండి. మీ సొంత పేరును నిజాయితీగా వాడుతుంటే 35వ సెక్షన్, వారి కన్నా ముందునుంచి వాడుతుంటే 34వ సెక్షన్ మీకు రక్ష.

## న్యాయవాదిని ఎంచుకునేటప్పుడు

ట్రేడ్‌మార్క్ ఏజెంటు రిజిస్ట్రీ ముందు హాజరు కావచ్చు, కోర్టులో కాలేడు. దరఖాస్తుకు, అభ్యంతరానికి ఏజెంటు చాలు. దావా అయితే వాణిజ్య న్యాయస్థానంలో నిషేధ ఉత్తర్వుల మీద వాదించిన అనుభవం ఉన్నవారు కావాలి. ఇంతకుముందు ఎన్నిసార్లు కమిషనర్‌ను తీసుకెళ్లారు, అవతలివారి తరఫున కూడా వాదించారా అని అడగండి. రెండు వైపులా పనిచేసినవారికి ఎదుటివారు ఏం చేస్తారో ముందే తెలుస్తుంది. వచ్చే పరిహారంలో వాటా తీసుకుంటామనే న్యాయవాది దగ్గరికి వెళ్లవద్దు. బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి. ఫీజు దశలవారీగా కాగితం మీద రాయించుకోండి: దావా దాఖలు, తాత్కాలిక ఉత్తర్వు, సాక్ష్యం, తుది వాదన.

మొదటిసారి వచ్చేటప్పుడు రెండు పొట్లాలు, కొన్న బిల్లు, మీ మొదటి అమ్మకం నాటి ఏ కాగితమైనా, మీకు ఈ సంగతి తెలిసిన తేదీ తీసుకురండి.

కందిపొడి కేసులో నోటీసు పంపలేదు, పోలీసుల దగ్గరికి వెళ్లలేదు. దావా వేసిన మూడో రోజున ఉత్తర్వు వచ్చింది, ఐదో రోజున కమిషనర్ వెళ్లారు. చలానా నివేదికలో చేరాక రెండో వాయిదాకే అతని న్యాయవాది రాజీ మాట ఎత్తారు. పేరు మార్చాలి, ఎర్ర అంచు, పసుపు గుండ్రం, రోలు బొమ్మ ఉండకూడదు, ముద్ర వేసిన కవరు చుట్టలు కమిషనర్ సమక్షంలో కత్తిరించాలి, కమీషన్ బాకీ వీరు చెల్లించాలి అని రాజీ డిక్రీ అయింది. సంక్రాంతికి పదకొండు రోజుల ముందు ఆ దంపతుల పెట్టెలు మళ్లీ బస్సెక్కాయి. ఈసారి ఆమె పార్శిల్ రసీదులన్నీ తేదీల వారీగా ఫైల్లో పెడుతున్నారు.